మిలిటరీ ఫ్యామిలీల వాళ్లకి మోనార్క్ సీతాకోకచిలుకల ఇంటర్న్‌షిప్: మొదట్నుంచి చివరిదాకా ఎలా వెళ్లాలి

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లలో మిలిటరీతో సంబంధం ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. అప్పట్లో సిటిజన్లు కానివాళ్లని తీసుకున్న మావ్ని ప్రోగ్రామ్ ద్వారా ఆర్మీలో చేరినవాళ్లు, ఇక్కడే పుట్టి పెరిగి నేవీకో ఎయిర్‌ఫోర్స్‌కో వెళ్లిన పిల్లలు, వాళ్లని చేసుకుని మూడేళ్లకోసారి సామాను సర్దుకుని బేస్ నుంచి బేస్‌కి మారుతున్న భార్యలు, భర్తలు. సర్వీస్ అయిపోయాక వీళ్లందరికీ జనం చెప్పేది ఒకటే, ఐటీకి వచ్చెయ్, సైబర్ సెక్యూరిటీ సర్టిఫికేషన్ చెయ్ అని. అది మంచిదే, కానీ బయట ఎండలో, గడ్డిలో, ఆకులు తిప్పుతూ మోనార్క్ సీతాకోకచిలుకల్ని లెక్కపెట్టే పని కూడా ఒకటి ఉంది, దానికి స్టైపెండ్ ఇస్తారు, తర్వాత ఫెడరల్ ఉద్యోగానికి దారి కూడా పడొచ్చు, మిలిటరీ నుంచి వచ్చినవాళ్లకి అందులో కొన్ని ప్రత్యేకమైన తలుపులు తెరిచి ఉంటాయి అని ఎవరూ చెప్పరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు ఈ పని ఎందుకు అవసరమో చూడండి. మోనార్క్‌లు చలికాలం గడిపే మెక్సికో అడవుల్లో వాటిని ఒక్కొక్కటీ లెక్కపెట్టడం కుదరదు కాబట్టి అవి ఎంత అడవిని కప్పాయో హెక్టార్లలో కొలుస్తారు. 1996-97 చలికాలంలో అది 18 హెక్టార్ల పైన ఉంది, 2013-14కి 0.67కి పడిపోయింది, 2024-25లో 1.79. కాలిఫోర్నియా తీరం వైపు వెళ్లే గుంపు పరిస్థితి ఇంకా ఘోరం, 2020లో తీరం మొత్తం వెతికితే రెండు వేలు కూడా దొరకలేదు, 2022లో మూడు లక్షలు దాటి అందరికీ ఊపిరి పోసింది, మళ్లీ 2024లో 9,119కి వచ్చేసింది. 2024 డిసెంబర్‌లో అమెరికా వన్యప్రాణుల సంస్థ అయిన ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ వీటిని ముప్పులో ఉన్న జాతిగా లిస్ట్ చేయాలని ప్రతిపాదించింది. ఇలా పైకీ కిందకీ ఊగే లెక్కల్లో నిజంగా ఏం జరుగుతోందో తెలియాలంటే ప్రతి ఏడాదీ ఒకే పద్ధతిలో చూసి రాసే మనుషులు కావాలి.

మిలిటరీకీ దీనికీ ఏం సంబంధం అంటారా, అమెరికా రక్షణ శాఖ చేతిలో దాదాపు 2.5 కోట్ల ఎకరాల భూమి ఉంది. ట్రైనింగ్ రేంజ్‌ల చుట్టూ ఇళ్లు కట్టరు, దున్నరు, కలుపుమందు కొట్టి సోయా వేయరు, అందుకని చాలాచోట్ల పాత గడ్డిమైదానాలు అలాగే మిగిలిపోయాయి. 1960 నాటి సైక్స్ యాక్ట్ ప్రకారం బేస్‌ల మీద వన్యప్రాణుల్ని కూడా చూసుకోవాలి, దానికి రాతపూర్వకంగా ప్లాన్ ఉండాలి. కాలిఫోర్నియాలో వాండెన్‌బర్గ్ స్పేస్ ఫోర్స్ బేస్ మీదైతే చలికాలంలో చెట్లకి మోనార్క్‌లు గుంపులుగా వేలాడతాయి. అంటే బేస్ లోపల ఎలా నడుచుకోవాలో తెలిసిన మనిషి ఈ పనికి చాలా విలువైనవాడు.

స్టెప్ 1: మీరు ఏ లెక్కలోకి వస్తారో తేల్చుకోండి

మిలిటరీ సంబంధం అన్నారు కదా అని అన్నీ అందరికీ రావు. ఒక్కొక్కళ్లకి ఒక్కో దారి.

ఇంకా డ్యూటీలో ఉండి త్వరలో బయటికి వస్తున్నవాళ్లకి స్కిల్‌బ్రిడ్జ్ ఉంది. సర్వీస్ చివర్లో గరిష్ఠంగా 180 రోజుల వరకు బయటి సంస్థలో ట్రైనింగ్‌కి వెళ్లొచ్చు, జీతం మిలిటరీ నుంచే వస్తుంది, ఆ సంస్థ మీకు పైసా ఇవ్వదు. కాకపోతే కమాండర్ సంతకం పెట్టాలి, ర్యాంకుని బట్టి ఎన్ని రోజులు ఇస్తారనేది ప్రతి సర్వీస్ సొంతంగా తగ్గించుకోవచ్చు కూడా, కాబట్టి ఏడాది ముందే యూనిట్‌లో మాట కదపండి. ఆఖరి రెండు నెలల్లో అడిగితే పని అవ్వదు.

బయటికి వచ్చేసిన వెటరన్లకి డీడీ 214, అంటే సర్వీస్ నుంచి విడుదలైనట్టు ఇచ్చే కాగితమే ప్రాణం. స్కాన్ చేసి రెండు మూడు చోట్ల పెట్టుకోండి, డిశ్చార్జ్ ఎలా జరిగిందో చూపించే పూర్తి కాపీయే అడుగుతారు. ప్రభుత్వ భూముల మీద పని ఇచ్చే ఫెడరల్ కార్యక్రమం పబ్లిక్ ల్యాండ్స్ కోర్ కింద వచ్చే ఇంటర్న్‌షిప్‌లకి మామూలుగా 30 ఏళ్ల వరకే వయసు పరిమితి, వెటరన్లకి మాత్రం 35 దాకా. 35 దాటిందని నిరాశ పడొద్దు, ఆ పరిమితి ఆ ఒక్క కార్యక్రమానికే, అమెరికోర్ అనే ఫెడరల్ సేవా కార్యక్రమం పోస్టుల్లో చాలావాటికి పై వయసు పరిమితి లేదు. సర్వీస్ వల్ల వచ్చిన డిసెబిలిటీ రేటింగ్ ఉన్నవాళ్లు వీఏ (వెటరన్ల శాఖ) వాళ్ల వొకేషనల్ రీహ్యాబ్ కౌన్సెలర్‌ని కూడా అడగండి, ప్రభుత్వ ఆఫీసుల్లో పని అనుభవం ఇప్పించే వెసులుబాటు అందులో ఉంది.

భార్య లేదా భర్త, పిల్లల సంగతి వేరు. మిలిటరీ స్పౌజ్‌లకి ఫెడరల్ ఉద్యోగాల్లో పోటీ లేకుండా తీసుకునే నియామక అధికారం ఒకటి ఉంది, ఇంటర్న్‌షిప్ తర్వాత అది బాగా పనికొస్తుంది. చేతిలో బేస్ ఐడీ ఉంది కాబట్టి మీ బేస్ నేచురల్ రిసోర్సెస్ ఆఫీసుకి నేరుగా వెళ్లి వాలంటీర్‌గా చేస్తానని అడగడం బయటివాళ్లకంటే మీకే తేలిక.

ఇక మనవాళ్లకి ముఖ్యమైన మాట. అమెరికోర్ నిధులతో నడిచే పోస్టులకి సిటిజన్ గానీ గ్రీన్ కార్డ్ గానీ ఉండాలి, ఎఫ్1, హెచ్4 మీద ఉన్నవాళ్లకి కుదరదు. కుటుంబంలో ఒకళ్లు మిలిటరీలో ఉండి మీ గ్రీన్ కార్డ్ ఇంకా ప్రాసెస్‌లో ఉంటే ఈలోపు ఏం చేయొచ్చో స్టెప్ 3లో ఉంది, అది చదవండి.

స్టెప్ 2: సీజన్, చోటు ముందు డిసైడ్ అవ్వండి

మోనార్క్ తిరిగే పురుగు కాబట్టి ఉద్యోగం కూడా దాని వెంటే తిరుగుతుంది. టెక్సాస్‌లో అయితే మార్చి నుంచి మే దాకా, మళ్లీ సెప్టెంబర్ చివర నుంచి నవంబర్ మొదటి దాకా, ఎందుకంటే మెక్సికో వెళ్లేవీ వచ్చేవీ ఎక్కువ భాగం ఇటుగానే పోతాయి. శాన్ ఆంటోనియో, ఆస్టిన్, డల్లాస్ చుట్టూ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, బేస్‌లు కూడా ఇక్కడే ఎక్కువ, ఇంతకంటే అనుకూలమైన చోటు దొరకదు. మిన్నెసోటా, విస్కాన్సిన్, అయోవా వైపు జూన్ నుంచి ఆగస్ట్, అక్కడ పిల్లలు పెట్టే తరాలు ఉంటాయి కాబట్టి గుడ్లు, గొంగళిపురుగుల పని. కాలిఫోర్నియా తీరంలో నవంబర్ నుంచి చలికాలమంతా, అక్కడ తెల్లారకముందే వెళ్లి, ఎగరకముందు, చెట్టుకి వేలాడే గుంపుల్ని బైనాక్యులర్స్‌తో లెక్కపెట్టాలి.

వేసవి పోస్టులకి ప్రకటనలు డిసెంబర్ నుంచి మార్చి మధ్య వస్తాయి. మే నెలలో వెతకడం మొదలుపెట్టేవాళ్లకి మిగిలేది తక్కువ.

స్టెప్ 3: అప్లై చేసేముందే కన్ను ట్రైన్ చేసుకోండి

నన్నడిగితే మొత్తం గైడ్‌లో ఇదే అసలు స్టెప్. డిగ్రీ ఏదైనా పర్లేదు, వైల్డ్‌లైఫ్ బయాలజీ చదివినవాళ్లతో పోటీ పడాలంటే మీ దగ్గర నిజమైన డేటా ఉండాలి, దానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు, వీసా అడ్డం కాదు, మీ పెరటి నుంచే మొదలుపెట్టొచ్చు. 1990ల్లో మిన్నెసోటా యూనివర్సిటీలో మొదలైన మోనార్క్ లార్వా మానిటరింగ్ ప్రాజెక్ట్‌లో ఎవరైనా చేరొచ్చు, ఒక చోటు రిజిస్టర్ చేసుకుని వారానికోసారి అక్కడి మిల్క్‌వీడ్ (మోనార్క్ పురుగులు తినే మొక్క) మొక్కలు చూసి గుడ్లు, పురుగులు రాయాలి. ఇంకాస్త లోతైనది మోనార్క్ జాయింట్ వెంచర్ వాళ్ల ఇంటిగ్రేటెడ్ మోనార్క్ మానిటరింగ్ ప్రోగ్రామ్, ఇందులో ఒక ప్లాట్ తీసుకుని వంద చోట్ల ఫ్రేమ్ పెట్టి ఎన్ని మిల్క్‌వీడ్‌లు ఉన్నాయి, ఏ పూలు పూశాయి అని రాస్తారు, గుడ్లు పురుగులు వేరే సర్వే, పెద్ద సీతాకోకచిలుకలు వేరే సర్వే. ఇంటర్న్‌షిప్‌లలో ఎక్కువగా వాడేది ఇలాంటి పద్ధతే కాబట్టి ముందే నేర్చుకుంటే ఇంటర్వ్యూలో మీరు మిగతావాళ్లకంటే ఒక మెట్టు పైన ఉంటారు.

ఇప్పుడు ఆకు దగ్గరికి రండి. మన ఊళ్లలో జిల్లేడు ఆకు తుంపితే పాలు కారతాయి చూడండి, మిల్క్‌వీడ్ కూడా ఆ కుటుంబమే. జిల్లేడు మీద నలుపు, తెలుపు, పసుపు చారల పురుగు కనిపిస్తుంది కదా, ప్లెయిన్ టైగర్ అంటారు, అది మోనార్క్‌కి దగ్గర చుట్టం. చిన్నప్పుడు దాన్ని పట్టుకుని చూసినవాళ్లకి ఈ పని కొత్తగా అనిపించదు.

మోనార్క్ గుడ్డు గుండుసూది తలంత ఉంటుంది, మీగడ రంగు, పైనుంచి కిందకి సన్నటి గీతలు ఉంటాయి, మామూలుగా ఆకు అడుగున ఒక్కటే పెడుతుంది. ఒకేచోట గుంపుగా గుడ్లు కనిపిస్తే అవి వేరే చిమ్మటవి. కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఎండిపోయిన పాలచుక్కని చూసి, లెన్స్ పెడితే దానికి గీతలు ఉండవు. పది రెట్ల హ్యాండ్ లెన్స్ ఒకటి కొనుక్కుని మెడలో వేసుకోండి, ఖర్చు పెద్దగా ఉండదు. గుడ్డు నాలుగు రోజులకి పగులుతుంది, అప్పుడే బయటికొచ్చిన పురుగు కంటికి ఆనదు, అందుకని పురుగు కోసం కాకుండా ఆకు మీద అర్ధచంద్రాకారంలో కొరికిన చిన్న గుర్తు కోసం వెతకండి, దాని పక్కనే ఉంటుంది. అక్కడి నుంచి రెండు వారాల్లోపు ఐదు దశలు దాటుతుంది, తల దగ్గరి నల్లటి మీసాల్లాంటి వాటి పొడవు చూసి ఏ దశో చెప్పాలి, ఐదో దశలో వెనక కాళ్ల మీద తెల్ల చుక్కలు బాగా కనిపిస్తాయి.

టెక్సాస్‌లో ఇంకో తికమక ఉంది. క్వీన్ అనే ఇంకో సీతాకోకచిలుక కూడా అదే మిల్క్‌వీడ్ మీద గుడ్లు పెడుతుంది, గుడ్లు చూస్తే తేడా చెప్పలేం, పురుగు కాస్త ఎదిగాక మాత్రం తెలుస్తుంది, మోనార్క్‌కి ఆ మీసాలు రెండు జతలు, క్వీన్‌కి మూడు. ఎగిరేవాటిలో వైస్‌రాయ్ అచ్చం మోనార్క్‌లాగే ఉంటుంది, దాని వెనక రెక్కకి అడ్డంగా ఒక నల్ల గీత ఉంటుంది. మగ మోనార్క్‌కి వెనక రెక్కల మీద చెరో నల్ల చుక్క.

అన్నిటికంటే ముఖ్యమైనది సున్నా. వారం వారం వెళ్తారు, ముప్పై మొక్కలు తిప్పి చూస్తారు, ఏమీ దొరకదు, ఇంక ఏం రాస్తాంలే అని ఫారం వదిలేస్తారు, అక్కడే డేటా పాడైపోతుంది. దొరికిన రోజే రాస్తే లెక్కలో మోనార్క్‌లు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తాయి, జనం అంతా బాగుందనుకుంటారు. ముప్పై మొక్కలు, సున్నా గుడ్లు, సున్నా పురుగులు, గాలి ఇంత, టైమ్ ఇంత అని రాసిన కాగితం గుడ్లు దొరికిన కాగితమంత విలువైనదే. గార్డ్ డ్యూటీలో రాత్రంతా ఏమీ జరగకపోయినా లాగ్‌బుక్‌లో గంట గంటకీ రాసినవాళ్లకి ఈ విషయం ఎవరూ నేర్పక్కర్లేదు. మిలిటరీ వాళ్లు ఈ పనిలో రాణిస్తారని నేను గట్టిగా నమ్మేది ఇందుకే.

స్టెప్ 4: ఎక్కడ వెతకాలి

ఒక్క సైట్ చూసి ఊరుకోవద్దు. స్టూడెంట్ కన్జర్వేషన్ అసోసియేషన్ 1957 నుంచి ఉంది, పేరులో స్టూడెంట్ ఉన్నా చదువుకునేవాళ్లకే కాదు. అమెరికన్ కన్జర్వేషన్ ఎక్స్‌పీరియన్స్, కన్జర్వేషన్ లెగసీ వాళ్ల స్టీవర్డ్స్ ప్రోగ్రామ్, గ్రేట్ బేసిన్ ఇన్‌స్టిట్యూట్, ఇవి ఫెడరల్ ఏజెన్సీల తరఫున ఇంటర్న్‌లని తీసుకుంటాయి. కన్జర్వేషన్ లెగసీలో వెటరన్ల కోసమే కొన్ని టీములు నడుపుతారు, కాకపోతే అందులో ఎక్కువ అడవి మంటల పని. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ వాళ్ల వైల్డ్‌లైఫ్ జాబ్ బోర్డ్ ఈ ఫీల్డ్‌లో అందరూ రోజూ చూసేది. బేస్ లోపలి పనికి కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్ల సెమ్మెల్ అనే సెంటర్ ఉంది, వాళ్లు మిలిటరీ భూముల మీద నేచురల్ రిసోర్సెస్ పనికే మనుషుల్ని పెట్టుకుంటారు, ఇది చాలామందికి తెలీదు.

వెతికేటప్పుడు మోనార్క్ అని మాత్రమే కొడితే నాలుగైదు కూడా రావు. పాలినేటర్, ఇన్‌సెక్ట్, ప్రెయిరీ, బొటనీ టెక్నీషియన్, టీ అండ్ ఈ స్పీసీస్ (ముప్పులో ఉన్న జాతులు) అని కూడా కొట్టండి, చాలా పోస్టుల్లో మోనార్క్ సర్వే లోపల ఒక పేరాలో ఉంటుంది.

2025 ఏప్రిల్‌లో అమెరికోర్ గ్రాంట్లు పెద్ద ఎత్తున రద్దు చేశారు, మధ్యలో ఉన్నవాళ్లని కూడా ఇంటికి పంపారు. అందుకని ఆఫర్ వచ్చాక డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, సీజన్ మొత్తానికీ చేతిలో ఉందా అని మొహమాటం లేకుండా అడగండి.

స్టెప్ 5: రెజ్యూమే

మిలిటరీ భాష అలాగే పెడితే అవతల బయాలజిస్ట్‌కి ఒక్క ముక్క అర్థం కాదు. మీ ఎమ్ఓఎస్ (మిలిటరీలో ఉద్యోగం కోడ్) నంబర్ తీసేసి పని రాయండి. మ్యాప్, కంపాస్‌తో తెలియని చోట దారి పట్టడం, జీపీఎస్ పాయింట్లు తీసుకోవడం, రేడియో మీద మాట్లాడటం, ఎండలో రోజంతా నడవడం, గుంతల రోడ్ల మీద ఫోర్ వీల్ డ్రైవ్ నడపడం, ఫస్ట్ ఎయిడ్, చెక్‌లిస్ట్ ప్రకారం చేయడం, ఇవన్నీ ఈ ప్రకటనల్లో అడిగేవే. దానికింద స్టెప్ 3లో చేసింది పెట్టండి, ఏ సైట్, ఎన్ని వారాలు, ఏ ప్రొటోకాల్, ఎన్ని మొక్కలు అని. స్పౌజ్‌లు మధ్యలో వచ్చిన ఉద్యోగం గ్యాప్‌లకి సారీ చెప్పక్కర్లేదు, బేస్ ట్రాన్స్‌ఫర్ వల్ల అని ఒక్క లైన్ చాలు. ఆర్క్‌జీఐఎస్ ఫీల్డ్ మ్యాప్స్, సర్వే 123 యాప్‌లు ఫోన్‌లో కాస్త అలవాటు చేసుకుని ఉంటే అదీ రాయండి, డేటా ఎక్కువగా అందులోనే ఎక్కిస్తారు.

స్టెప్ 6: డబ్బుల లెక్క నిజాయితీగా వేసుకోండి

ఇది జీతం కాదు, స్టైపెండ్. ఐటీ జీతాలు చూసిన కళ్లకి తక్కువగానే కనిపిస్తుంది, కాబట్టి ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోండి. ఇల్లు వాళ్లే ఇస్తున్నారా, ఇస్తే ఒక్కళ్లకా ఫ్యామిలీకా, సొంత కారు కావాలా, మైలేజ్ ఇస్తారా అనేవి కాగితం మీద తీసుకోండి. అమెరికోర్ పోస్టు అయితే అయిపోయాక ఎడ్యుకేషన్ అవార్డ్ వస్తుంది, ఈమధ్య ఏళ్లలో 1700 గంటల ఫుల్ టర్మ్‌కి 7,395 డాలర్లు, గంటలు తక్కువైతే అవార్డూ తగ్గుతుంది, ఏడేళ్లలోపు ఫీజుకి గానీ పాత స్టూడెంట్ లోన్‌కి గానీ వాడుకోవచ్చు. స్టైపెండ్, అవార్డ్ రెండిటికీ ట్యాక్స్ పడుతుంది, అది మర్చిపోయి ఏప్రిల్‌లో ఇబ్బంది పడొద్దు. వీఏ డిసెబిలిటీ డబ్బులు మామూలుగా ఆదాయాన్ని బట్టి ఉండవు కాబట్టి స్టైపెండ్ వల్ల తగ్గవు, కానీ ఉద్యోగం చేయలేని స్థితి లెక్కన నూరు శాతం తీసుకుంటున్నవాళ్లు మాత్రం ముందు వీఎస్ఓని (వెటరన్లకి సాయం చేసే సంస్థని) అడిగే అడుగేయండి.

స్టెప్ 7: ఫీల్డ్‌లోకి వెళ్లాక

పొద్దున్నే బయల్దేరతారు, ప్లాట్ దగ్గరికి వెళ్లి గాలి, ఎండ, టెంపరేచర్ రాసుకుని మొదలుపెడతారు. టెక్సాస్‌లో ఫైర్ యాంట్స్ పుట్టల మీద కాలు పెట్టకండి, ఇవే మోనార్క్ గుడ్లని కూడా తినేస్తాయి, కాబట్టి వాటి పుట్టలు ఎక్కడున్నాయో చూసి రాయడం కూడా మంచి అలవాటు. పిడుదులు (టిక్స్), చిగ్గర్లు అనే కుట్టే సన్న పురుగులు, పాయిజన్ ఐవీ, ర్యాటిల్ స్నేక్, అన్నీ ఉంటాయి. ప్యాంటు సాక్సుల్లోకి దోపండి, ఇంటికి రాగానే మోకాలి వెనక, నడుం దగ్గర పిడుదులు ఉన్నాయేమో చూసుకోండి. మిల్క్‌వీడ్ పాలు అంటిన చేత్తో కళ్లు నలుపుకోవద్దు, చాలా బాధ పెడుతుంది, ఇది నిర్లక్ష్యం చేసే విషయం కాదు.

బేస్ మీద అయితే పొద్దున రేంజ్ కంట్రోల్‌కి (ఫైరింగ్ చోట్ల రాకపోకలు చూసుకునే ఆఫీసుకి) రేడియోలో చెప్పందే లోపలికి అడుగు పెట్టకూడదు, ఫైరింగ్ ఉన్న రోజు మీ సర్వే కాన్సిల్. గడ్డిలో లోహపు ముక్క ఏదైనా కనిపిస్తే ముట్టుకోకుండా ఆగి, వచ్చిన దారినే వెనక్కి వచ్చి రిపోర్ట్ చేయాలి. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన పిల్లలు మీతో ఉంటే వాళ్లకి ఇది మీరే నేర్పాల్సి వస్తుంది.

పట్టుకోవడం, ట్యాగ్ వేయడం గురించి ఒక మాట. కాన్సాస్ యూనివర్సిటీలో 1992లో మొదలైన మోనార్క్ వాచ్ వాళ్లు వెనక రెక్కకి అంటించే చిన్న గుండ్రటి స్టిక్కర్లు పంపుతారు, శరదృతువులో దక్షిణానికి పోయేవాటికి వేస్తారు. జార్జియా యూనివర్సిటీలో మొదలైన ప్రాజెక్ట్ మోనార్క్ హెల్త్‌కి పొట్ట మీద టేప్ అంటించి తీసిన శాంపిల్స్ పంపొచ్చు, ఓఈ అనే పరాన్నజీవి ఉందో లేదో వాళ్లు మైక్రోస్కోప్‌లో చూస్తారు. కానీ కాలిఫోర్నియాలో పర్మిట్ లేకుండా మోనార్క్‌ని ముట్టుకోవడం నేరం, మిగతాచోట్ల కూడా ఫెడరల్ లిస్టింగ్ వస్తే రూల్స్ మారొచ్చు, కాబట్టి సూపర్‌వైజర్‌ని అడగకుండా వల తీయొద్దు. ఇంట్లో పెంచుదామని ట్రాపికల్ మిల్క్‌వీడ్ నర్సరీ నుంచి తెచ్చి పెట్టేవాళ్లకి కూడా చెప్తున్నా, వెచ్చటి చోట్ల అది చలికాలంలో చావదు, దాని మీద ఓఈ పేరుకుపోతుంది. టెక్సాస్‌లో ఉంటే ఇక్కడి దేశవాళీ యాంటిలోప్ హార్న్స్, గ్రీన్ మిల్క్‌వీడ్ పెట్టండి.

స్టెప్ 8: అయిపోయేముందు కాగితాలు

ఇలాంటి సంరక్షణ పనుల్లో మొత్తం 640 గంటలు పూర్తి చేస్తే, అందులో కనీసం 120 గంటలు పబ్లిక్ ల్యాండ్స్ కోర్ కింద ఉంటే, రెండేళ్లపాటు పోటీ లేకుండా ఫెడరల్ ఉద్యోగాలకి అర్హత వచ్చే సర్టిఫికెట్ ఇస్తారు. అది ఆటోమేటిక్‌గా మీ చేతికి రాదు, సూపర్‌వైజర్, ఏజెన్సీ కోఆర్డినేటర్ ఇద్దరూ సంతకాలు పెట్టాలి, వాళ్లు సీజన్ అవ్వగానే వేరే చోటికి వెళ్లిపోతారు. చివరి రోజు కోసం ఆగకండి, నెల ముందే గంటల లెక్క ప్రింట్ తీసి వాళ్ల ముందు పెట్టండి. వెటరన్ అయితే దీనితోపాటు ఐదు లేదా పది పాయింట్ల ప్రిఫరెన్స్, స్పౌజ్ అయితే స్పౌజ్ నియామక అధికారం, ఫెడరల్ ఉద్యోగాల సైట్ యూఎస్ఏ జాబ్స్‌లో అప్లై చేసేటప్పుడు మీకు వర్తించేవన్నీ టిక్ పెట్టండి, ఒకటి పెడితే ఇంకొకటి పోతుందనుకుని చాలామంది ఒక్కదానితో ఆగిపోతారు. సర్టిఫికెట్ రెండేళ్ల గడువు ఇంటర్న్‌షిప్ ముగిసిన రోజు నుంచే మొదలవుతుంది, కాబట్టి ఆ తేదీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని అదే వారంలో మొదటి అప్లికేషన్ పంపించేయండి.